గానుగ నుండి జ్యూసరు వరకు

చైత్రమాసమున శ్రీరామనవమి నాడు భద్రాచలము వచ్చినవారికి పానకము రుచి వేరుగా చెప్పనక్కరలేదు. బెల్లము, మిరియాలు, ఏలకులు, చల్లని నీరు – ఇంతే దాని సామగ్రి. కాని ఆ బెల్లము వెనుక ఒక యంత్రమున్నది. చెరకు గడను నలిపి రసము పిండు గానుగ లేనిదే బెల్లము లేదు. బెల్లము లేనిదే పానకము లేదు. నేడు పట్టణములలో ఇంటింట కనిపించు జ్యూసరుకు ఆ గానుగయే ముత్తాత.

ఈ సంగతి నాకు స్ఫురింపజేసినది ఒక విద్యార్థిని. ఒకనాడు తరగతిలో అపకేంద్ర బలమును గూర్చి చెప్పుచు, ఉదాహరణగా జ్యూసరును పేర్కొంటిని. గంట కొట్టిన పిదప అడవి అంచున ఉన్న ఊరి నుండి వచ్చు ఒక అమ్మాయి నా వద్దకు వచ్చి, "సార్, మా అమ్మకు రక్తం తక్కువగా ఉందట. పండ్లరసం తాగితే మంచిదని ఎవరో చెప్పారు. మా నాన్న తునికాకు డబ్బులు రాగానే జ్యూసర్ కొంటానంటున్నాడు. ఏ రకం మంచిది సార్?" అని అడిగినది. అప్పటికప్పుడు జవాబు చెప్పలేకపోతిని. యంత్రము పని చేయు సూత్రము తెలియుట వేరు, ఒక ఇంటివారి కష్టార్జితమును దేనిపై పెట్టవలెనో చెప్పుట వేరు. జవాబు వెదకుచు పోగా అది చాల పాత ప్రశ్న అని తెలిసినది. ఏ విధముగా తీసిన రసము మేలు అని మన పూర్వులు వేయి సంవత్సరములకు మునుపే విచారించి ఉన్నారు.

రసము ఎక్కడ ఉన్నది?

పండు అనగా కోటానుకోట్ల కణముల సముదాయము. ప్రతి కణములోను రిక్తిక అను సంచి వంటి భాగమున్నది. నీరు, చక్కెర, ఆమ్లములు అందులో నిలువ ఉండును. కణము చుట్టును సెల్యులోజుతో కట్టిన గోడ ఉండును. ఆ గోడ పగిలిననే గాని రసము బయటకు రాదు. కావున రసము తీయుటలో రెండు పనులున్నవి: మొదటిది గోడను పగులగొట్టుట, రెండవది రసమును పిప్పి నుండి వేరు చేయుట. రోకలి మొదలు నేటి విద్యుత్ యంత్రము వరకు అన్ని సాధనములును ఈ రెండు పనులనే వేరువేరు రీతులలో చేయుచున్నవి.

యంత్రము లేకుండ రసము నిచ్చు చెట్లును ఉన్నవి. భద్రాచలము మన్యములో కోయలు, కొండరెడ్లు జీలుగు చెట్టు గెలను కోసి కల్లు దింపుదురు. అక్కడ పిండుట లేదు. ఆకులలో తయారైన చక్కెర నీరు చెట్టు నాళములలో పీడనముతో ప్రవహించుచుండును. గెలను కోసినచోట అది తనంతట తాను కారును. పాపికొండల కొండరెడ్ల జీవితమును గూర్చి హైమెండార్ఫ్ అను మానవశాస్త్రజ్ఞుడు 1945లో ఒక గ్రంథమే ప్రచురించినాడు. చెట్టు రసమును తానే ఇచ్చినచోట యంత్రముతో పని లేదు. పండు, గడ, గింజ అట్లు ఇవ్వవు, వాటిని నలుపవలెను.

పంటితో నమిలిన రసము, యంత్రముతో తీసిన రసము

రసము తీయు మొదటి సాధనము మన నోటిలోనే ఉన్నది. దంతములు గడను చీల్చి నలుపును. పెదవులు, నాలుక రసమును పీల్చి పిప్పిని వేరు చేయును. చెరకు రసమును గూర్చి చెప్పుచు సుశ్రుత సంహిత ఈ దంతముల పనిని, యంత్రము పనిని పోల్చి చూచినది. పంటితో నమిలి మ్రింగిన రసము మంటను కలిగింపదనియు, యంత్రముతో పిండిన రసము అరుగుటకు బరువై మంటను కలిగించుననియు అందు చెప్పబడినది.

అట్లెందుకు అగును? దీనికి కారణమును సుమారు క్రీ.శ. 7వ శతాబ్దమునకు చెందిన వాగ్భటుడు అష్టాంగ హృదయములో చెప్పినాడు. అతడు చూపిన కారణములు మూడు. యంత్రములో గడ వేరు, కొన, పురుగు కొరికిన భాగము అన్నియు కలిసి నలుగును. దానితో మాలిన్యము రసములో చేరును. ఆ రసము కొంతకాలము నిలువ కూడ ఉండును. ఈ మూడింటి వలన యంత్రరసము చెడును అని అతని అభిప్రాయము.

విద్యార్థులు ఈ మాటలను శ్రద్ధగా గమనింపవలెను. సూక్ష్మజీవుల సంగతి అప్పటికి ఎవరికిని తెలియదు. అయినను వాగ్భటుడు యంత్రమును నిందించి ఊరుకొనలేదు. లోపల ఏమి వేసినారు, అది శుభ్రముగా ఉన్నదా, తీసిన రసము ఎంతసేపు నిలిచినది అని మూడు ప్రశ్నలు వేసినాడు. నోటితో నమలువాడు పురుగు పట్టిన ముక్కను ఉమ్మివేయును. యంత్రమునకు ఆ వివేకము లేదు. ఈ మూడు ప్రశ్నలను మనము వ్యాసము చివర మరల వేసికొందము.

ఎడ్ల గానుగ, ఇనుప గానుగ

మన దేశములో పూర్వము చెరకు గానుగలు ముఖ్యముగా రెండు రకములు. ఒకటి రోలు, రోకలి వంటిది. పెద్ద రాతి రోటిలో కొయ్య దుంగను నిలిపి ఎడ్లతో త్రిప్పుదురు. దీనిలో వేయుటకు గడలను చిన్న ముక్కలుగా నరుకవలెను. రెండవది కొయ్య రోలర్ల గానుగ. ప్రక్క ప్రక్కన నిలిపిన దుంగలు ఒకదానికొకటి ఎదురుగా తిరుగుచుండగా వాటి నడుమ గడను దూర్చుదురు. గడను నరుకవలసిన శ్రమ ఇందులో లేదు.

19వ శతాబ్దములో బీహారులోని షాహాబాదు జిల్లా బిహియాలో థామ్సన్, మిల్న్ అను ఇద్దరు జమీను నడుపుచుండిరి. 1870 దశకమున వారు ఇనుప రోలర్ల గానుగను తయారు చేసిరి. ఒక జత ఎడ్లతో నడచు ఈ గానుగ తేలికైనది; బండిపై ఒక ఊరి నుండి మరియొక ఊరికి తరలింపవచ్చును; కొనలేని రైతులు అద్దెకు తీసికొనవచ్చును. కొన్ని సంవత్సరములలోనే బిహియా గానుగ దేశములో అనేక ప్రాంతములకు వ్యాపించినది.

ఖమ్మం బజారులో గజ్జెల చప్పుడుతో తిరుగు చెరకు రసపు యంత్రమును చూడుడు. ఎడ్లకు బదులు మోటారు వచ్చినది గాని రోలర్ల సూత్రము మారలేదు. ఒకే గడను మడిచి మడిచి రెండు మూడు సార్లు ఎందుకు దూర్చుదురు? మొదటిసారి కొన్ని కణములే పగులును. పిప్పిని మడిచినప్పుడు మందము పెరిగి, రోలర్ల నడుమ ఒత్తిడి హెచ్చి, మిగిలిన కణములు కూడ పగులును.

తులాదండము, మర

గానుగకు రెండు తోబుట్టువులున్నవి. మొదటిది తులాదండము. అడవికి ఆవల బస్తరు ప్రాంతములో ఇప్పగింజలను దంచి, ఆవిరిపై ఉడికించి, రెండు బరువైన చెక్కల నడుమ పెట్టి నొక్కి నూనె తీయు పద్ధతి ఉన్నది. మన వంటింటి నిమ్మకాయ పిండు సాధనము దీనికి చిన్న రూపము. కీలు నుండి నిమ్మచెక్క 4 సెంటీమీటర్ల దూరమున, చేయి 16 సెంటీమీటర్ల దూరమున ఉన్నచో, చేతి బలము నాలుగు రెట్లయి నిమ్మచెక్కపై పడును.

రెండవది మర. మరతో నొక్కు యంత్రము ద్రాక్షరసము, ఆలివు నూనె తీయుటకు క్రీ.శ. 1వ శతాబ్దము నాటికే రోమను దేశమున వాడుకలో ఉన్నది. ప్లినీ దానిని గూర్చి వ్రాసినాడు. మర పిడి పొడవు 20 సెంటీమీటర్లు, మర చుట్టుల నడుమ దూరము 1 సెంటీమీటరు అనుకొందము. పిడి ఒక చుట్టు తిరుగుటకు చేయి సుమారు 125 సెంటీమీటర్లు కదలును. నొక్కుడు పలక మాత్రము 1 సెంటీమీటరు దిగును. ఘర్షణను లెక్కింపనిచో బలము 125 రెట్లగును.

పలకను దింపి, ఎత్తి, పిప్పి తీసి, మరల నింపుట ఆలస్యము గల పని. 1900లో అమెరికాలోని క్లీవ్‌లాండు నగరమునకు చెందిన వాలెరియస్ ఆండర్సన్ ఒక కొత్త యంత్రమునకు పేటెంటు పొందినాడు. రంధ్రములు గల గొట్టములో మర నిలువకుండ తిరుగుచుండును. గింజలను ముందుకు నెట్టుచు, పోనుపోను ఇరుకైన చోట నలుపును. నూనె రంధ్రముల నుండి, పిండి కొన నుండి వేరువేరుగా వచ్చును. దీనినే ఎక్స్‌పెల్లరు అందురు.

ఈ సూత్రమును కన్నులార చూడదలచినవారు 2016లో ఏర్పడిన భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలోని అశ్వారావుపేటకు పోవచ్చును. అక్కడి పామాయిల్ కర్మాగారములో గెలలను ఆవిరితో ఉడికించి, పండ్లను రాల్చి, నలిపి, మరల యంత్రములో పిండుదురు. నేడు నెమ్మదిగా తిరుగు జ్యూసరు పేరుతో అమ్ముచున్నది ఈ మర యంత్రమునకు వంటింటి రూపమే. పండ్లకు తగినట్లు చిన్నది చేసినారు, అంతే తేడా.

గిరగిర తిరుగు గిన్నె

ఇంకొక రకము జ్యూసరు వంశము వేరు. 1878లో స్వీడను దేశస్థుడైన గుస్తావ్ డి లావాల్ పాల నుండి మీగడను వేరు చేయుటకు వేగముగా తిరుగు యంత్రమును తయారు చేసినాడు. వంటింటి అపకేంద్ర జ్యూసరులోను ఇదే భౌతిక సూత్రము పని చేయును. పళ్లు గల పలక పండును తురుమును. తురుము జల్లెడ గిన్నెలో గిరగిర తిరుగును. రసము జల్లెడ దాటి బయటకు పోవును. పిప్పి లోపల నిలుచును.

ఈ గిన్నె నిమిషమునకు 12,000 చుట్లు తిరుగుననియు, వ్యాసార్ధము 5 సెంటీమీటర్లనియు అనుకొందము. అంచున త్వరణము భూమ్యాకర్షణ త్వరణమునకు సుమారు 8,000 రెట్లుండును! అందుచేతనే ఇది క్షణములలో పని ముగించును. అందుచేతనే మూత సరిగా బిగింపక మీట నొక్కరాదు.

ఇక 1922లో అమెరికాలో స్టీఫెన్ పోప్లావ్‌స్కీ పాత్ర అడుగున తిరుగు కత్తి గల యంత్రమునకు పేటెంటు పొందినాడు. 1937లో వేరింగు బ్లెండరు అంగడికి వచ్చినది. మన మిక్సీలు ఈ కోవకు చెందినవే. మన దేశములో 1960 దశకమున సత్యప్రకాశ్ మాథుర్ అను ఇంజనీరు భారతీయ వంటలకు తట్టుకొనగల మిక్సీని రూపొందించినాడు. పప్పు రుబ్బుట, పసుపు దంచుట వంటి పనులకు విదేశీ యంత్రములు నిలువకపోవుటయే దానికి కారణము. 'సుమీత్' పేరుతో అది ప్రసిద్ధి పొందినది. మన ప్రాంతమున ఆ దశకముననే, 1966లో, పాల్వంచ వద్ద కొత్తగూడెం థర్మల్ విద్యుత్కేంద్రము మొదటి యూనిట్ పని ఆరంభించినది. విద్యుత్తు వచ్చిన ఇండ్లలో రోలు, పొత్రము క్రమముగా మూలకు చేరినవి.

వాట్లను చూచి మోసపోరాదు

కొనువారు తరచు "ఎక్కువ వాట్లు, ఎక్కువ బలము" అనుకొందురు. ఇది సరికాదు. సామర్థ్యము అనగా తిప్పుడు బలమును కోణీయ వేగముతో గుణించిన ఫలితము. నిమిషమునకు 12,000 చుట్లు తిరుగు 500 వాట్ల మోటారు ఇరుసు వద్ద తిప్పుడు బలము సుమారు 0.4 న్యూటన్-మీటర్లు. పండ్లచక్రములతో వేగమును నిమిషమునకు 50 చుట్లకు తగ్గించిన 200 వాట్ల మోటారు మర వద్ద అది సుమారు 38 న్యూటన్-మీటర్లు. నష్టములు లెక్కింపలేదు గాని, రెండింటి తేడా 90 రెట్లకు మించి ఉన్నది. మొదటిది వేగముతో విసరును. రెండవది నెమ్మదిగా నలుపును. ఇది రోకలికి, గానుగకు ఉన్న భేదమే.

వేగపు యంత్రము రసమును వేడి చేసి పోషకములను చంపునని ప్రకటనలు చెప్పుచుండును. పండు అందులో ఉండునది కొద్ది క్షణములే. అంతలో వేడి ఎంతో పెరుగదు. వేగముగా తిరుగునప్పుడు గాలి కలిసి నురుగు వచ్చుట మాత్రము నిజమే. గాలిలోని ఆమ్లజని వలన సి విటమిను క్రమముగా తగ్గును. కాని ఏ యంత్రముతో తీసినను, రసమును నిలువ ఉంచినచో ఈ నష్టము తప్పదు.

దీనికి చరిత్రలో ఒక గొప్ప దృష్టాంతమున్నది. 1747లో జేమ్స్ లిండ్ అను నౌకా వైద్యుడు స్కర్వీ రోగముతో ఉన్న 12 మంది నావికులను ఇద్దరిద్దరుగా విభజించి, ఒక్కొక్క జతకు ఒక్కొక్క చికిత్స చేసినాడు. నారింజ, నిమ్మపండ్లు తిన్న జత త్వరగా కోలుకొన్నది. కాని పిమ్మట లిండ్, ఓడలలో నిలువ ఉండునట్లు రసమును కాచి చిక్కబరచి వాడవచ్చునని సలహా ఇచ్చినాడు. ఆ కాచుటలోనే మందు గుణము చాల వరకు నశించినది. పండులో ఉన్న మేలు రసములో పోయినది! బ్రిటిషు నౌకాదళము నిమ్మరసమును క్రమముగా ఇచ్చుట 1795 నాటికి గాని ఆరంభము కాలేదు. ఆ మేలు చేయు పదార్థమును సెంట్ జార్జి 1928లో వేరు చేసినాడు. 1937లో నోబెలు బహుమతి పొందినాడు.

ఇంటికి ఏది తగును?

ఇప్పుడు వాగ్భటుని మూడు ప్రశ్నలకు వత్తము.

మొదటిది: లోపల ఏమి వేయుదురు? మన ప్రాంతమున దొరకు పండ్లను బట్టి సాధనమును ఎన్నుకొనవలెను. నిమ్మ, బత్తాయి వంటి వాటికి చేతితో పిండు సాధనము చాలును. మామిడి, సపోటా, అరటి వంటి మెత్తని గుజ్జు పండ్లను ఏ జ్యూసరులో వేసినను జల్లెడ మూసికొనును. వాటికి మిక్సీ మేలు. క్యారెట్టు, బీట్‌రూట్ వంటి గట్టివాటిని అపకేంద్ర యంత్రము త్వరగా తురుమును. దానిమ్మ గింజలు, ఆకుకూరల రసము తరచుగా కావలసినవారికి మర యంత్రము ఉపయోగపడును. ఉసిరికాయలో గింజను తీసిననే గాని ఏ యంత్రములోను వేయరాదు. చేదుగా ఉన్న సొరకాయ రసమును ఎన్నడును త్రాగరాదు. దానిలోని కుకుర్బిటాసిన్లు విషతుల్యములు. దాని వలన మరణములు కూడ సంభవించినవి. ముందుగా చిన్న ముక్కను రుచి చూచి, చేదైనచో కాయను పారవేయవలెనని భారత వైద్య పరిశోధన మండలి నిపుణులు హెచ్చరించినారు.

రెండవది: శుభ్రముగా కడుగుటకు వీలగునా? ఇది నా అనుభవము. కొన్ని సంవత్సరముల క్రిందట మా ఇంట అపకేంద్ర జ్యూసరు ఒకటి కొంటిమి. మొదటి వారము ప్రతి ఉదయము రసమే. కాని దాని జల్లెడను ఐదు నిమిషములు తోమిననే గాని నారు వదలదు. నెల తిరుగక ముందే అది అటక ఎక్కినది. వేసవిలో దించి చూడగా జల్లెడ కన్నములలో నల్లని బూజు పట్టి ఉన్నది. వాగ్భటుడు చెప్పిన మాలిన్యము అనగా ఏమో నాకు ఆనాడు తెలిసినది. కొనుటకు ముందు అంగడిలోనే భాగములు విప్పించి చూచుట మంచిది: ఎన్ని భాగములు, ఎన్ని మూలలు, జల్లెడలోనికి చేయి దూరునా, విడిభాగములు దగ్గరలో దొరకునా.

మూడవది: ఎంతసేపు నిలువ ఉంచుదురు? తీసిన వెంటనే త్రాగువారికి యంత్ర భేదము వలన వచ్చు లాభనష్టములు స్వల్పము. కాచి చల్లార్చిన నీటిలో కలిపి, అప్పుడే త్రాగవలెను.

వీటన్నింటికి పైన నాలుగవ ప్రశ్న ఒకటి మనము చేర్చవలెను: అసలు పిండుట అవసరమా? పిప్పితో పాటు పీచు పోవును, చక్కెర మిగులును. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో ప్రకటించిన సూచనలలో పండ్లరసములోని చక్కెరను కూడ తగ్గింపవలసిన చక్కెరల జాబితాలోనే చేర్చినది. 1918లో కూనూరులో చిన్న పరిశోధనశాలగా పుట్టి, తరువాత హైదరాబాదుకు తరలిన జాతీయ పోషకాహార సంస్థ కూడ 2024 నాటి మార్గదర్శకములలో రసము కంటె పండు తినుటయే మేలని చెప్పినది. సుశ్రుతుడు దంతములకు ఇచ్చిన పెద్దపీట ఈనాటికిని కదలలేదు.

తరగతిలో ఒక ప్రయోగము

ఉపాధ్యాయులు దీనిని సులభముగా చేయించవచ్చును. ఒకే బరువు గల బత్తాయి ముక్కలను రెండు పాళ్లు చేసి, ఒకదానిని చేతితో పిండి, రెండవదానిని మిక్సీలో వేసి వడకట్టవలెను. రసమును, పిప్పిని వేరువేరుగా తూచి వ్రాసికొనవలెను. పిమ్మట ఒక్కొక్క రసము 10 మిల్లీలీటర్లు తీసికొని, కొద్దిగా పలుచని గంజి కలిపి, నీరు చేర్చిన టింక్చరు అయోడిన్‌ను చుక్క చుక్కగా వేయవలెను. సి విటమిను ఉన్నంతవరకు అయోడిన్ రంగు పోవుచుండును. అది అయిపోగానే నీలిరంగు నిలుచును. ఎక్కువ చుక్కలు పట్టిన రసములో విటమిను ఎక్కువ. అదే రసమును మూత లేకుండ మరునాటి వరకు ఉంచి మరల పరీక్షించినచో, నిలువ వలన కలుగు నష్టము విద్యార్థులకు స్వయముగా తెలియును. ప్రయోగించిన రసమును ఎవరును త్రాగరాదు.

ఆ అమ్మాయికి నేను మరునాడు చెప్పిన జవాబు ఇది. "మీ నాన్నను జ్యూసర్ కొనవద్దని చెప్పమ్మా. రక్తం తక్కువైనప్పుడు కావలసింది ఇనుము. పండ్లరసంలో అది చాలా తక్కువ. అమ్మను ఆరోగ్య కేంద్రానికి తీసుకుపోయి, వారిచ్చే ఇనుము మాత్రలు మానకుండా వేయించు. ఆకుకూర, పప్పు మీద నిమ్మకాయ పిండి పెట్టు. నిమ్మలోని సి విటమిను ఆ ఇనుమును ఒంటికి పట్టిస్తుంది. అన్నం తినగానే టీ ఇవ్వకు. మీ పెరట్లో జామచెట్టు ఉందన్నావు కదా, ఆ పండ్లను కొరికి తినమను." ఆమె కొంతసేపు ఆలోచించి, "అయితే నిమ్మకాయ పిండేది ఒకటి కొంటే చాలు కదా సార్?" అన్నది. చాలునంటిని. ఆ చిన్న తులాదండము కూడ గానుగ వంశములోనిదే.